మందు ఎలా పుడుతుందో మా పిల్లలకు చేతులతో నేర్పండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఫార్మసీ కాలేజీల యాజమాన్యాలకు, ఫార్మసీ చదువును పర్యవేక్షించే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పదహారేళ్లు బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ పిల్లలకు మెడిసినల్ కెమిస్ట్రీ, అంటే మందు అణువులను ఆలోచించి తయారుచేసే రసాయన శాస్త్రం, చెప్పాను. మాది కోవూరు దగ్గర, పెన్నా కాలవల కింద వరి పండే ఊరు. కొన్ని ఫార్మసీ కాలేజీల్లో పిల్లలు ల్యాబ్‌లో తమ చేతులతో ఒక్క మందూ తయారుచేయకుండానే డిగ్రీ పుచ్చుకుంటున్నారు. ఈ సంగతి మీకు కొత్తది కాదు. అప్పట్లో నేను పనిచేసిన కాలేజీ యాజమాన్యానికి రాసిచ్చాను. "చూద్దాంలే మాస్టారూ" అన్నారు. తర్వాత పై కార్యాలయానికి రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డు తిరిగొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. సోమవారం అర్జీల రోజున క్యూలో నిలబడి ఇచ్చిన కాగితానికి, సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పినవాళ్లు లేరు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. ఏ కాలేజీ పేరూ, ఏ మనిషి పేరూ ఎత్తను. పద్ధతిగా నడుపుతున్న కాలేజీలు ఉన్నాయి, వాటికి ఈ మాటలు తగలవు.

పాముకాటుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట, కోతలకు ముందు, మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లిన మా చిన్నాన్నను గట్టు మీద రక్తపింజర కరిచింది. కాలికి గట్టిగా తాడు కట్టి, ఎవరో చెప్పిన వేరు నూరి పోసి, ఆ తర్వాత ఆటో మాట్లాడి ఆస్పత్రికి చేర్చేసరికి మూడు గంటలు దాటింది. అక్కడ గాజు ట్యూబులో రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి చూశారు. గడ్డకట్టలేదు, అంటే విషం ఎక్కింది. విషానికి విరుగుడైన యాంటీ వీనమ్ వయల్స్ ఎక్కించారు. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. రెండు వారాలు డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ వార్డు బయట మెట్ల మీద మా చిన్నమ్మ నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అబ్బయా, నువ్వు చెప్పేది మందుల చదువే గదా. గట్టు మీదే నోట్లో వేసుకునే బిళ్ళ ఒక్కటైనా లేదా దీనికి?"

లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ చదువుకోని ఆమె అడిగిన ఆ ప్రశ్న మీదే ఈ రోజు ప్రపంచంలో కొందరు మంచి కెమిస్టులు పనిచేస్తున్నారు. అందులో మా జిల్లా పిల్లలకు చోటు ఎందుకు లేదన్నదే నా బాధ.

మన దగ్గరున్న యాంటీ వీనమ్ 1890ల నాటి పద్ధతి. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తారు. దాని రక్తంలో తయారైన యాంటీబాడీలను తీసి శుద్ధి చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే మందు. దానికి కావలసిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం పట్టే పాముల నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఒక చోటి విషంతో చేసిన మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. పైగా దాన్ని నరంలోకే ఎక్కించాలి. రియాక్షన్ వస్తే చూసుకోవడానికి డాక్టరు పక్కనే ఉండాలి. కట్లపాము సంగతి మరీ దారుణం. రాత్రిపూట నేల మీద పడుకున్న మనిషిని కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, ఊపిరి అందకపోవడం. విషం నరాల కొసలను దెబ్బతీశాక యాంటీ వీనమ్ ఆ నష్టాన్ని వెనక్కి తీసుకురాలేదు. నరాలు కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటరే దిక్కు. నేల మీద పడుకునేది ఎవరు? గుడిసెల్లో మా యానాదులు, రొయ్యల చెరువుల కాపలాదారులు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట చూసే కూలీలు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సుమారు 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. సంతోషం. కానీ కొత్త మందు ప్రకటనలతో పుట్టదు, ల్యాబ్‌లో పుడుతుంది. ఎలా పుడుతుందో ఇంకో పాము కథతో చెబుతాను. ఏటా మొదటి క్లాసులో నేను పిల్లలకు చెప్పే కథ ఇదే.

బ్రెజిల్‌లో జరరాకా అనే పింజర జాతి పాము ఉంది. అది కరిచిన మనిషికి బీపీ పడిపోతుంది. సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త 1960ల్లో ఆ విషంలోంచి కొన్ని పెప్టైడ్లను, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలను, వేరుచేశాడు. మన ఒంట్లో బీపీ పెరగడానికి కారణమయ్యే ఏసీఈ అనే ఎంజైమ్‌ను (ఎంజైమ్ అంటే ఒంట్లో రసాయన మార్పులు జరిపించే ప్రోటీన్) అవి ఆపుతాయని తర్వాత తేలింది. అయితే పెప్టైడ్‌ను మాత్రగా మింగితే కడుపులోనే అరిగిపోతుంది. అమెరికాలో స్క్విబ్ కంపెనీ శాస్త్రవేత్తలు డేవిడ్ కుష్‌మన్, మిగ్యుయెల్ ఒండెట్టి ఆ పని చేసే చిన్న అణువు కోసం వెతికారు. అప్పటికి ఏసీఈ ఆకారం ఎవరికీ తెలియదు. కానీ అదే తరహాలో నడుమ జింక్ ఉన్న కార్బాక్సీపెప్టిడేజ్ అనే మరో ఎంజైమ్ ఆకారం తెలుసు. దాన్ని చూసి దీన్ని ఊహించారు. ముందు సక్సినైల్ ప్రోలీన్ అనే అణువు తయారుచేస్తే పనిచేసింది గానీ చాలా బలహీనంగా. దానికి మిథైల్ అనే చిన్న కార్బన్ ముక్క చేరిస్తే కొంత మెరుగైంది. తర్వాత ఒక కొసనున్న కార్బాక్సిల్ అనే ఆమ్లపు ముక్కను తీసేసి, జింక్‌ను గట్టిగా పట్టుకునే థయాల్ అనే గంధకపు ముక్కను పెట్టారు. ఆ ఒక్క మార్పుతో బలం సుమారు వెయ్యి రెట్లు పెరిగింది. అదే బీపీ మందు కాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ థయాల్ వల్లే కొందరికి దద్దుర్లు వచ్చాయి, నాలుకకు రుచి పోయింది. వేరే కంపెనీ వాళ్లు థయాల్ లేకుండా ఎనలాప్రిల్ చేశారు. మన ఊళ్లలో పెద్దవాళ్లు వేసుకునే రామిప్రిల్ ఆ వంశంలోదే.

రేషనల్ డ్రగ్ డిజైన్, అంటే ఆలోచించి మందును రూపొందించడం, అంటే ఇదే. చీకట్లో రాయి విసరకుండా, జబ్బుకు మూలమైన ప్రోటీన్ ఏదో తెలుసుకుని, దాని మీదున్న గూడు లాంటి సందులో ఏం ఇముడుతుందో ఆలోచించి, అణువును తయారుచేసి, పరీక్షించి, తప్పు ఎక్కడో చూసుకుని మళ్లీ తయారుచేయడం. ఇందులో ఆలోచన ఎంత ఉందో చేతిపని అంత ఉంది. రికార్డులో రాసుకుంటే వచ్చే విద్య కాదిది.

ఇప్పుడు మా చిన్నమ్మ ప్రశ్న దగ్గరికి వస్తాను. రక్తపింజర, కట్లపాము, నాగుపాము, వీటన్నిటి విషంలోనూ ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ ఉంటుంది. కణాల పొరలను కొరికేసేది, నరాల కొసలను దెబ్బతీసేది చాలావరకు అదే. అదే రకం ఎంజైమ్ మన ఒంట్లోనూ ఒకటుంది, వాపు వచ్చినప్పుడు పెరుగుతుంది. 1990ల్లో ఎలై లిల్లీ కంపెనీ కెమిస్టులు మనిషి ఎంజైమ్ క్రిస్టల్ నిర్మాణం (స్ఫటికంగా మార్చి కనుక్కున్న దాని ఆకారం) చూసుకుంటూ, ఇండోల్ అనే రకానికి చెందిన ఒక బలహీనమైన అణువుతో మొదలుపెట్టి, గూటికి సరిపోయేలా అంచెలంచెలుగా మార్చుకుంటూ వచ్చారు. అలా వచ్చినదే వరెస్ప్లాడిబ్. దాన్ని ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరే సెప్సిస్‌కు వాడి చూశారు, పనికిరాలేదు. గుండెజబ్బుకు ఐదు వేల మందికి పైగా రోగులతో ట్రయల్ పెట్టారు, 2012లో మధ్యలోనే ఆపేశారు. అంతటితో అటకెక్కాల్సిన మందు. కానీ మాథ్యూ లెవిన్ అనే ఎమర్జెన్సీ డాక్టరు, ఆయన సహచరులు దాన్ని రకరకాల పాము విషాల మీద పరీక్షించి, మనిషి ఎంజైమ్ కంటే పాముల ఎంజైమ్‌ను అది ఇంకా గట్టిగా ఆపుతుందని 2016లో ప్రకటించారు. ఆ తర్వాత నోటి ద్వారా ఇచ్చే రూపంలో మన దేశంలోనూ, అమెరికాలోనూ పాముకాటు రోగుల మీద ట్రయల్ జరిగింది. ఆ ట్రయల్ పెట్టుకున్న ప్రధాన లక్ష్యం అందుకోలేదు. అయినా కరిచాక త్వరగా వేసిన వాళ్లలో కొంత మేలు కనిపించింది. అంటే దారి ఉంది, పని మిగిలే ఉంది.

ఇంకో మాట. రక్తపింజర ఫాస్ఫోలైపేజ్ నిర్మాణాలను రకరకాల అణువులతో కలిపి తేల్చింది మనవాళ్లే, ఢిల్లీ ఎయిమ్స్‌లో టి.పి. సింగ్ బృందం. ఆ ఫైళ్లు ప్రోటీన్ల ఆకారాలను దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఉన్నాయి. కావలిలో ఉన్న పిల్ల అయినా, కనిగిరిలో ఉన్న పిల్లవాడయినా ఇంటర్నెట్ ఉంటే ఐదు నిమిషాల్లో ఆ ఎంజైమ్‌ను తెర మీద తిప్పి చూడవచ్చు. కాల్షియం ఎక్కడ కూర్చుంటుందో, దాన్ని పట్టుకునే 49వ స్థానంలోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం ఎక్కడో, పక్కనున్న 48వ హిస్టిడిన్ ఎక్కడో వేలు పెట్టి చూపించవచ్చు. నేను పాఠం చెప్పిన పదహారేళ్లలో కాలేజీలో అది చూడగలిగిన బ్యాచ్ ఒక్కటే. అదీ నా సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లి చూపించాను.

మనది మందులు కనిపెట్టలేని జాతి కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపించినప్పుడు డైఇథైల్‌కార్బమజీన్ వచ్చింది. మా జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగించిన బోదకాలు మాత్ర అదే. ఫోలిక్ యాసిడ్ ఆకారాన్ని కాస్త మార్చి, కేన్సర్ కణాన్ని ఏమార్చే మందులు చేసింది ఆయన బృందమే. వాటిలో మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ కేన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. ఆయన 1948లో పోయారు. డెబ్బై ఏళ్లు దాటాక కూడా ఆయన పేరు ఒక మార్కు ప్రశ్నకు జవాబుగానే మా పిల్లలకు తెలుసు.

ఇక కాలేజీల్లో జరుగుతున్నది చెబుతాను. సిలబస్‌లో లోపం లేదు, అది ముందే ఒప్పుకుంటాను. బి.ఫార్మసీలో నాలుగు, ఐదు, ఆరు సెమిస్టర్లలో మెడిసినల్ కెమిస్ట్రీ ఉంది. ఆరో సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో మందుల తయారీతో పాటు, డ్రగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో లాగ్ పి (అణువు కొవ్వులో ఎంత కరుగుతుందన్న లెక్క), మాలిక్యులర్ వెయిట్, హైడ్రోజన్ బాండ్ల లెక్క తీసి, అణువు మాత్రగా పనికొస్తుందా అని అంచనా వేసే లిపిన్‌స్కీ నియమాలతో పోల్చి చూడాలని స్పష్టంగా రాసి ఉంది. ఎనిమిదో సెమిస్టర్‌లో కంప్యూటర్ ఎయిడెడ్ డ్రగ్ డిజైన్ ఎలక్టివ్ ఉంది, ప్రాజెక్టు ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

నేను కళ్లారా చూసినది వేరు. బెంజోకైన్, ఫినైటోయిన్ లాంటి మందులు పిల్లలు స్వయంగా తయారుచేయాలి. నలభై మందికి కలిపి ఒక్కసారి, ఒక్క ఫ్లాస్క్‌లో, ల్యాబ్ అసిస్టెంట్ చేసి చూపిస్తాడు. చాలా ఏళ్లు అదీ లేదు. రికార్డులో దిగుబడి శాతం, మెల్టింగ్ పాయింట్ సీనియర్ల రికార్డు చూసి రాసేస్తారు. ఒక ఏడాది నలభై రికార్డుల్లోనూ ఒకే దిగుబడి, దశాంశంతో సహా. నేను సంతకం పెట్టనన్నాను. పిల్లల ఇంటర్నల్స్ పోతాయని పై నుంచి టెన్షన్ పెట్టారు. చివరికి పెట్టాను. ఆ తప్పు నాది కూడా, ఒప్పుకుంటున్నాను.

తనిఖీ రోజు కథ వేరే ఉంటుంది. ముందు రోజు రాత్రి వ్యాన్‌లో పరికరాలు దిగుతాయి. తెల్లకోట్లు ఇస్త్రీ అవుతాయి. జీతం రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా కనిపించని అధ్యాపకులు ఆ రోజు హాజరవుతారు. సాయంత్రానికి వ్యాన్ వెళ్లిపోతుంది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న పిల్లల ముఖాలు చూడలేక నేను స్టాఫ్ రూములోకి వెళ్లిపోయేవాణ్ని.

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. హైదరాబాద్ వెళ్లి డబ్బు కట్టి ప్రాజెక్టు కొనుక్కొస్తారు. అందులో ఎక్కువ భాగం డాకింగ్. కంప్యూటర్‌లో పది అణువులను ఒక ప్రోటీన్ గూటిలో కూర్చోబెట్టి, వచ్చిన స్కోరు చూసి "ఇది శక్తిమంతమైన మందు" అని తీర్మానిస్తారు. డాకింగ్ స్కోరు ఒక అంచనా మాత్రమే. ప్రోటీన్ కదులుతుంది, నీటి అణువులు అడ్డొస్తాయి, అణువు కణంలోకి వెళ్లకపోవచ్చు, లివర్ దాన్ని గంటలో విరిచేయవచ్చు. స్కోరులో మొదట నిలిచిన అణువు ట్యూబులో అసలు పనిచేయకపోవడం ఈ రంగంలో రోజూ జరిగేదే. దాన్ని తయారుచేసి పరీక్షించి చూడని ప్రాజెక్టుకు మెడిసినల్ కెమిస్ట్రీ డిగ్రీ ఇవ్వడం అంటే, నీళ్లలోకి దిగనివాడికి ఈత సర్టిఫికెట్ ఇచ్చినట్టే.

దీని వల్ల ఎవరు ఎలా నష్టపోతున్నారో వరుసగా రాస్తున్నాను.

1. తల్లిదండ్రులు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపేస్తారని, వడ్డీకి తెచ్చి కట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఉదయగిరి మెట్ట నుంచి వచ్చిన ఒక అమ్మాయి కోసం వాళ్ల నాన్న రెండు గేదెలను అమ్మాడు. ఆ డబ్బులో ఆమె చేతికి వచ్చిన రసాయనం ఎంత? నాలుగేళ్లలో ఆమె స్వయంగా ఒక్క అణువునూ తయారుచేయలేదు.

2. పిల్లలు. ఇంటర్వ్యూలో "టీఎల్‌సీ ప్లేట్ (మిశ్రమంలోని పదార్థాలను చుక్కలుగా విడదీసి చూపే పలక) మీద రెండు చుక్కలు వస్తే ఏం అర్థం చేసుకుంటావు?" అని అడిగితే మా విద్యార్థులు తల దించుకున్నారు. వాళ్లు తెలివైన పిల్లలు. ప్లేట్ చూడలేదు, అంతే. వాళ్లలో చాలామంది మెడికల్ రిప్రజెంటేటివ్‌లుగా బైకుల మీద తిరుగుతున్నారు, మెడికల్ కోడింగ్‌లో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. ఆ పనులు తక్కువవని అనను. కెమిస్ట్రీ మీద ఇష్టంతో చేరిన పిల్లకు ఆ తలుపు మూసేశారనే నా మాట.

3. పరిశ్రమ. మందు తయారుచేయడంలో మన తెలుగు రాష్ట్రాలకు పేరుంది. కానీ చేస్తున్నది ఎక్కువగా ఎవరో కనిపెట్టినదాన్ని చవకగా తయారుచేయడం. అదీ గొప్ప పనే, పేదవాడికి మందు అందింది దాని వల్లే. కొత్త అణువును మొదటి నుంచి చివరిదాకా ఇక్కడే కనిపెట్టి అనుమతి దాకా తెచ్చిన సందర్భాలు దేశం మొత్తంలో చాలా తక్కువ. 2013లో అనుమతి పొందిన, షుగరు రోగుల రక్తంలో కొవ్వు తగ్గించే సరోగ్లిటజార్ అలాంటి వాటిలో ఒకటి. ఆ వరుస పెరగాలంటే ఫ్లాస్క్ పట్టుకున్న చేతులు వేల సంఖ్యలో కావాలి.

4. రోగులు. పాముకాటు మందు మీద పెద్ద కంపెనీలకు లాభం కనిపించదు, ఎందుకంటే కరిపించుకునేది కూలీ. మన జబ్బులకు మందు మనం వెతక్కపోతే వెతికేవాళ్లు తక్కువ. గట్టు మీద వేసుకునే ఆ బిళ్ళ వచ్చేదాకా ప్రతి కోతల కాలంలోనూ మా చిన్నమ్మ లాంటి వాళ్లు మెట్ల మీద కూర్చునే ఉంటారు.

5. మందుల షాపు ముందు నిలబడే ప్రతి మనిషి. ఏ మందు ఎక్కడ పట్టుకుంటుందో, ఏ రెండు మందులు కలిస్తే ప్రమాదమో అణువు ఆకారం నుంచి అర్థం చేసుకున్న ఫార్మసిస్టు, గైడు చూసి పాసైన ఫార్మసిస్టు ఒకటి కారు. కౌంటర్ అవతల ఎవరున్నారో మన ప్రాణానికి అవసరం.

అధ్యాపకుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. నెలల తరబడి జీతం రాని మనిషి ల్యాబ్‌లో అదనంగా రెండు గంటలు నిలబడడు. అలా నిలబడినవాళ్లు ఉన్నారు, వాళ్లకు దణ్ణం పెడతాను.

డబ్బు లేదంటారని తెలుసు. అందుకని ఖర్చు ఎక్కువ లేనివాటినే ముందు అడుగుతున్నాను.

1. ప్రతి విద్యార్థి తన చేతులతో ప్రతి సెమిస్టర్‌లో కనీసం నాలుగు సమ్మేళనాలు తయారుచేయాలి. తయారైనదాన్ని పేరు, తేదీ, బరువు రాసిన చిన్న సీసాలో ఎక్స్‌టర్నల్ పరీక్ష దాకా ఉంచాలి. ఎగ్జామినర్ రికార్డుతో పాటు ఆ సీసా కూడా చూడాలి. అక్కడికక్కడ మెల్టింగ్ పాయింట్ తీయించాలి. సీసా లేకపోతే మార్కు లేదు. ఈ ఒక్క నిబంధనతో సగం అబద్ధం ఆగిపోతుంది.

2. కంప్యూటర్ ల్యాబ్ తాళం తీయండి. 'ఆటోడాక్ వినా' అనే డాకింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ప్రోటీన్ డేటా బ్యాంక్ ఉచితం. అణువుల వివరాలుండే పబ్‌కెమ్, ఒంట్లో అణువు ఎలా నడుచుకుంటుందో అంచనా వేసే స్విస్‌అడ్మీ ఉచితం. మామూలు కంప్యూటర్‌లో ఒక అణువు డాకింగ్ కొన్ని నిమిషాల పని. లైసెన్సు కొనలేమన్న సాకు ఇక్కడ చెల్లదు.

3. డాకింగ్ ఒక్కటే ఉన్న ప్రాజెక్టుకు ఎం.ఫార్మసీ డిగ్రీ ఇవ్వొద్దు. కనీసం రెండు అణువులైనా తయారుచేసి, ఒక పరీక్షలో చూసి ఉండాలి. ఫలితం "పనిచేయలేదు" అని వచ్చినా పూర్తి మార్కులు ఇవ్వండి. పనిచేయలేదని నిజాయితీగా రాసినవాడే రేపు పనిచేసేది కనుక్కుంటాడు. ఫాస్ఫోలైపేజ్ పరీక్షకు పాము విషం కూడా అక్కర్లేదు. తేనెటీగ విషంలోని ఎంజైమ్ కొనడానికి దొరుకుతుంది, దానికి మేతగా కోడిగుడ్డు పచ్చసొన సరిపోతుంది. మొదటి పాఠానికి అది చాలు.

4. తనిఖీలు చెప్పకుండా రావాలి. వచ్చినవాళ్లు ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి బయల్దేరకుండా, యాజమాన్యం లేని చోట పది మంది పిల్లలతో విడిగా మాట్లాడాలి. మాట్లాడిన పిల్లల పేర్లు బయటికి రాకూడదు.

5. రసాయనాల కొనుగోలు లెక్క సెమిస్టర్‌కు ఒకసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ల్యాబ్ ఫీజు ఎంత వసూలైందో దాని పక్కనే ఉండాలి.

6. నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. రెండు జిల్లాలకూ కలిపి ఏదో ఒక చోట ఐఆర్, హెచ్‌పీఎల్‌సీ, ప్లేట్ రీడర్ (తయారైన అణువు ఏదో, ఎంత శుద్ధమో, పనిచేస్తుందో లేదో చూసే యంత్రాలు) ఉన్న ఉమ్మడి పరికరాల కేంద్రం పెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఒక్కో కాలేజీ కొనలేనిది అందరూ కలిసి వాడుకోవచ్చు. ఏ కాలేజీ పిల్లలకు ఏ రోజో ముందే పట్టిక వేస్తే చాలు. తనిఖీకి అద్దెకు తెచ్చే వ్యాన్ల ఖర్చు కూడా తప్పుతుంది.

7. అధ్యాపకుల జీతాలు ప్రతి నెలా బ్యాంకు ఖాతాలోనే పడాలి, పడినట్టు రుజువును అనుమతుల రెన్యువల్‌కు జత చేయాలి.

వీటిలో 1, 2, 5 వచ్చే సెమిస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు. వాటికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. మిగతా వాటికి తేదీ చెప్పండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఫోనుకు వచ్చే "పరిష్కారమైంది" అనే మెసేజ్‌ను జవాబుగా తీసుకోను. జవాబు రాకపోతే, గత మూడేళ్లలో ఈ రెండు జిల్లాల ఫార్మసీ కాలేజీల తనిఖీ నివేదికల ప్రతులను సమాచార హక్కు చట్టం కింద అడుగుతాను. వచ్చినవాటిని విద్యార్థుల తల్లిదండ్రులతో కలిసి కూర్చుని చదువుతాను.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈసారి కాలేజీకి వెళ్లినప్పుడు ఫీజు కౌంటర్ దగ్గర ఆగిపోకండి. మెడిసినల్ కెమిస్ట్రీ ల్యాబ్ చూపించమని అడగండి. మీ పిల్ల తయారుచేసిన సీసా ఏదని అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఏ కాలేజీ అయినా పిలిస్తే శనివారాలు నేను వచ్చి చెబుతాను, పైసా అడగను. రక్తపింజర ఎంజైమ్ ఫైలు, వరెస్ప్లాడిబ్ అణువు ఫైలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పది కంప్యూటర్లు, కరెంటు, ఇరవై మంది పిల్లలు ఉంటే చాలు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే సాయంత్రం ఆరింటికి ప్రతి పిల్లా ఆ గూటిలో తన సొంత అణువును కూర్చోబెట్టి చూస్తుంది. మరుసటి శనివారం దాన్ని ఫ్లాస్క్‌లో ఎలా తయారుచేయాలో మాట్లాడుకుంటాం. ఫ్లాస్కులు మాత్రం మీరు ఏర్పాటు చేయాలి.

ఇట్లు,
ఒక మెడిసినల్ కెమిస్ట్రీ అధ్యాపకుడు,
కోవూరు దగ్గరి పల్లె, నెల్లూరు జిల్లా